చందువ పాన్‌కి అంటుకుంటే, పక్కన రెడ్ వైన్ ఉంటే

రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టిన చందువ చేప గ్రిల్ పాన్‌కి అతుక్కుని ముక్కలైందనీ, దాంతో తాగిన రెడ్ వైన్‌తో నోరంతా నీచు వాసన వచ్చిందనీ మీరు రాశారు. తప్పు పాన్‌ది కాదండీ, నిమ్మరసానిది. పులుపులో అంతసేపు ఉంటే చేప తెల్లబడి, కాలకముందే పిండిలా విడిపోతుంది. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద ముందే పట్టించి గాట్లలోకి వేలితో కూరండి. నిమ్మరసం మాత్రం కాల్చేముందు అరగంట చాలు.

పైన ముద్దకట్టిన మసాలా తుడిచేయండి, ముందు మాడేదీ అంటుకునేదీ అదే. పాన్ బాగా వేడెక్కాక, నూనె చేపకే రాసి వేయండి. నాలుగైదు నిమిషాలు ముట్టుకోవద్దు. అట్లకాడ అంచు కింద దూర్చితే దానంతటదే లేవాలి. లేవకపోతే ఇంకో నిమిషం ఆగండి. నడిముల్లు దగ్గర మాంసం సులువుగా విడివడితే ఉడికినట్టే.

ఇక రెడ్ వైన్‌తో నోరంతా నీచు అన్నారు కదా, అది చేప పాడైనందుకు కాదు. రెడ్ వైన్‌లో ఎక్కువగా ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిస్తే వచ్చే వాసన అది. పైగా అందులోని వగరు మన కారాన్ని రెచ్చగొడుతుంది. నాసిక్‌లో చేసే షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌లో కాస్త తీపి ఉన్నది తెచ్చి బాగా చల్లబరచండి. కారం తగ్గించి మిరియాలు, కొత్తిమీరతో చేస్తే సావిన్యాన్ బ్లాంక్ అనే మరో వైట్ వైన్ ఇంకా బావుంటుంది. బీరే నయమనేవాళ్లతో నేను వాదించను.