లిథియం బ్యాటరీల దుకాణమా, ఈసెట్టా? ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. కొబ్బరి తోట, కొద్దిగా వరి పొలం ఉన్నాయి. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాడు. గాలివానలకు కరెంటు పోయినప్పుడు పాత ఇన్వర్టర్ బ్యాటరీ చాలడం లేదని, నాలుగు లిథియం సెల్స్ తెప్పించి తానే ఒక బ్యాటరీ కట్టి ఆ ఇన్వర్టర్‌కే తగిలించాడు. అది బాగానే నడుస్తోంది. డిప్లొమా అయ్యాక అమలాపురంలో దుకాణం తీసి ఇళ్లకు ఇలాంటి బ్యాటరీలు చేసి అమ్ముతానని పెట్టుబడి అడుగుతున్నాడు. నేను ఈసెట్ (డిప్లొమా చదివినవారికి బీటెక్ ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్‌లో చేరమంటున్నాను. ఈ పనికి భవిష్యత్తు ఉందా? ఇందులో ప్రమాదం ఏమైనా ఉందా?

సమాధానం: దుకాణానికి ఇప్పుడే పెట్టుబడి పెట్టవద్దు. అయితే మీ అబ్బాయిని ఈ రంగం నుంచి మళ్లించే ప్రయత్నం కూడా చేయవద్దు. సెల్స్ కలిపి బ్యాటరీ కట్టగలిగినవారు ఇక ముందు ఊరికి నలుగురు తయారవుతారు. కట్టిన బ్యాటరీని పరీక్షించి, దానిలో ఎంత సత్తా ఉందో, అది ఎక్కడ విఫలమవుతుందో కాగితం మీద లెక్కతో రాసి సంతకం పెట్టగలిగినవారు మాత్రం చాలా తక్కువగా ఉంటారు. మీ అబ్బాయి ఆ రెండో పని నేర్చుకోవాలని నా సలహా. చదువు, శిక్షణ, పెట్టుబడి గురించి కింద చెప్పినదంతా ఈ దృష్టితో చెప్పినదే.

ముందు మీ ఇంట్లో నడుస్తున్న బ్యాటరీ సంగతి చూద్దాం. ఇంటి వాడకానికి నేడు ఎక్కువగా వస్తున్నవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. మీ అబ్బాయి తెచ్చినవీ అవే అయి ఉంటాయి. ఈ సెల్ సాధారణ వోల్టేజి 3.2, పూర్తిగా చార్జ్ అయినప్పుడు 3.65. అంటే నాలుగు సెల్స్‌కు 14.6 వోల్టులే గరిష్ఠ పరిమితి. ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీ కోసం తయారైన పాత ఇన్వర్టర్లలో కొన్ని అంతకు మించిన వోల్టేజి కూడా పంపుతాయి. అప్పుడు రోజూ సెల్స్‌ను కాపాడుతున్నది బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే బీఎంఎస్ అనే చిన్న బోర్డు ఒక్కటే. బీఎంఎస్ ఉన్నది మిగిలిన ఏర్పాట్లన్నీ తప్పినప్పుడు అడ్డుపడటానికి. దాన్ని రోజువారీ చార్జర్ నియంత్రణగా వాడుకోకూడదు. ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటే దానికి మార్చండి, లేకపోతే ఆ బ్యాటరీని తీసివేసి దానికి తగిన చార్జర్‌తో మాత్రమే వాడమనండి. దాన్ని మెట్ల కింద, కొబ్బరి పీచు, పాత బట్టలు వేసే గదిలో ఉంచవద్దు. బ్యాటరీకి అతి దగ్గరలో డీసీకి పనికివచ్చే ఫ్యూజు ఉందో లేదో చూడమనండి.

ప్రమాదం గురించి మీరు అడిగినదానికి సమాధానం ఇది. ఈ రకం సెల్, ఫోన్లలో వాడే కోబాల్ట్ రకం కంటే వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది, తొందరగా మంటల్లోకి పోదు. అయినా సెల్ లోపల దెబ్బతింటే మండే వాయువులు బయటికి వస్తాయి. అంతకంటే సాధారణంగా జరిగే ప్రమాదం తీగల దగ్గర జరుగుతుంది. పదహారు సెల్స్ ఉన్న 51.2 వోల్టుల బ్యాటరీని పట్టుకుంటే షాక్ పెద్దగా తెలియకపోవచ్చు గాని, చేతిలోని స్పానర్ రెండు టెర్మినళ్లకూ తగిలిందంటే వేల ఆంపియర్ల కరెంటు దాని గుండా పోయి లోహం కరుగుతుంది. అందుకే ఈ పని చేసేవారు ఉంగరాలు, వాచీ తీసేసి, ఇన్సులేషన్ ఉన్న పనిముట్లతోనే కూర్చుంటారు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్‌ను) బ్యాటరీ వైపు పెట్టడం మరో ప్రమాదం: 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి స్విచ్ విడిపోయినప్పుడు లేచిన మెరుపు ఆరిపోతుంది, డీసీలో ఆ విరామం ఉండదు, మెరుపు అలాగే మండుతూ ఉండిపోవచ్చు.

ఇక భవిష్యత్తు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల మీద సోలార్ పలకలు పెట్టించడానికి ఉద్దేశించినది. మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టించుకున్న ఇంటికి ₹78,000 వరకు కేంద్ర సబ్సిడీ వస్తుంది. కోనసీమలోనూ ఎన్నో డాబాల మీద ఈ పలకలు కనిపిస్తున్నాయి. అయితే పెట్టించుకున్న చాలామందికి తర్వాత గాని తెలియని విషయం ఒకటి ఉంది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, ఎందుకంటే స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మీ ఇంటి పలకల నుంచి కరెంటు తగలకూడదు. 1996 నవంబరు 6 నాటి తుపానును మీరు చూసే ఉంటారు. అంత కాకపోయినా, చెట్టు పడి రెండు రోజులు లైను రానప్పుడు నెత్తిన ఎండ, డాబా మీద పలకలు ఉండీ ఇంట్లో ఫ్యాను తిరగదు. పలకలతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికొక బ్యాటరీ ఉంటేనే ఆ పలకలు ఆపదలో అక్కరకు వస్తాయి. 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 5.12 యూనిట్ల కరెంటు ఉంటుంది. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ కలిపి సగటున 400 వాట్లు తీసుకునే ఇంటిని అది ఒక రాత్రి సుఖంగా దాటిస్తుంది. పాత 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, అందులోనూ సగం దాటి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. అందువల్ల గిరాకీ ఉంటుందనే విషయంలో నాకు సందేహం లేదు.

గిరాకీ ఉన్నంత మాత్రాన బ్యాటరీలు కట్టే పనిలో సంపాదన ఉంటుందని అనుకోకూడదు. సెల్ మన దగ్గర తయారు కావడం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, చాలావరకు చైనా నుంచే వస్తోంది. దాన్ని పెట్టెలో అమర్చి, బస్‌బార్లు (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీలు) బిగించి, బీఎంఎస్ తగిలించడం చురుకైన కుర్రవాడికి కొద్ది రోజుల్లో పట్టుబడే పని. పెద్ద కంపెనీ యంత్రాలతో అదే పని చేసి తక్కువ ధరకు ఇస్తుంది. చిన్న దుకాణదారు ధరలో పోటీపడలేక నాసిరకం సెల్స్ వైపు, విద్యుత్ వాహనాల పాత బ్యాటరీల నుంచి తీసి కొత్తవిగా అమ్మే సెల్స్ వైపు జారతాడు.

పరీక్ష ఎందుకు వేరే విద్య అవుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఈ భాగాన్ని మీ అబ్బాయి చేత కూడా చదివించండి. పదహారు సెల్స్ వరుసలో ఉన్నాయి, అన్నింటి మీదా 100 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంది అనుకుందాం. పదిహేను నిజంగా 100 ఇస్తాయి, ఒకటి 88 మాత్రమే ఇస్తుంది. ఆ ఒక్కటి 2.5 వోల్టులకు పడిపోగానే బీఎంఎస్ మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది కాబట్టి, కొన్నవారికి దక్కేది 88 మాత్రమే. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఈ లోపం బయటపడదు. ఈ రకం సెల్ ఐదో వంతు నిండినప్పటి నుంచి దాదాపు నిండేదాకా వోల్టేజి ఇంచుమించు ఒక వోల్టులో పదో వంతు మాత్రమే మారుతుంది. అందువల్ల వోల్టేజి చూసి సెల్‌లో ఎంత ఉందో చెప్పడం కుదరదు. పూర్తిగా చార్జ్ చేసి, కొంతసేపు విశ్రాంతి ఇచ్చి, 20 ఆంపియర్ల స్థిరమైన కరెంటుతో 2.5 వోల్టులకు పడేదాకా (మంచి సెల్‌కు సుమారు ఐదు గంటలు) ఖాళీ చేస్తూ, బయటికి వచ్చిన ఆంపియర్ అవర్లను లెక్కించాలి. ఒక్కో సెల్‌కు ఇలా చేయాలి, గది ఉష్ణోగ్రత కూడా పక్కన రాసుకోవాలి. తేడా ఉన్నా బీఎంఎస్ సరిచేస్తుందిలే అని చాలామంది అంటారు. మామూలు బీఎంఎస్ సెల్స్‌ను సమం చేసే కరెంటు 100 మిల్లీఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. రెండు సెల్స్ నిండుదలలో 10 ఆంపియర్ అవర్ల తేడా ఉంటే దాన్ని సరిచేయడానికి వంద గంటలు పడుతుంది. సెల్ సామర్థ్యమే తక్కువైతే అసలు సరిచేయనే లేదు.

సెల్ తర్వాత బిగింపులు. ఇంతటి సెల్ అంతర్నిరోధం ఒక మిల్లీఓమ్‌లో సగానికి అటూ ఇటూ ఉంటుంది, దాన్ని నాలుగు తీగల మీటరుతోనే కొలవాలి. ఒక లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) వదులుగా ఉండి అక్కడ ఒక మిల్లీఓమ్ నిరోధం వచ్చిందంటే, 100 ఆంపియర్లు పోతున్నప్పుడు ఆ ఒక్క చోటే 10 వాట్ల వేడి పుడుతుంది. బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించడం, ఒక గంట పూర్తి లోడ్ మీద నడిపి ప్రతి కీలు దగ్గరా ఉష్ణోగ్రత చూడడం అందుకే. ఆ తర్వాత బీఎంఎస్‌ను నమ్మకుండా, దానికి కావాలనే ఎక్కువ వోల్టేజి, తక్కువ వోల్టేజి, వేడి చూపించి, చెప్పిన చోట ఆగుతోందా లేదా అని పరీక్షించాలి. దుకాణాల్లో దాదాపు ఎవరూ చేయని పరీక్ష ఇదే.

వీటికి మన డెల్టా మరికొన్నింటిని జత చేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి రాగి లగ్‌లు పచ్చబడతాయి, బోర్డుల మీద తేమ చేరుతుంది. కాబట్టి తగరం పూత ఉన్న లగ్‌లు, పూత వేసిన బోర్డులు వాడాలి, ఏడాదికోసారి బిగింపులు మళ్లీ కొలవాలి. 2022 జూలై వరదలో లంక గ్రామాలు మునిగిన సంగతి తెలిసినవారెవరూ బ్యాటరీని నేల మీద పెట్టరు. నీట మునిగిన బ్యాటరీ ఆరిన తర్వాత పనిచేస్తున్నట్టు కనిపించినా మళ్లీ చార్జింగ్‌కు పెట్టకూడదు. వేసవిలో రేకుల గదిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ సెల్‌కు చేటు. హర్యానాలోనో చైనాలోనో రాసిన మాన్యువల్‌లో ఇవి ఉండవు కాబట్టి, ఇక్కడ పుట్టి పెరిగిన ఇంజనీరుకు ఇది ఒక మేలైన అర్హత. ఇంకో మాట: భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువుల వారికి అమ్ముకోవచ్చని మీ అబ్బాయి అనుకుంటూ ఉండవచ్చు. రెండు హార్స్‌పవర్ల ఏరేటర్ ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్లు తీసుకుంటుంది. 5 యూనిట్ల బ్యాటరీ దాన్ని మూడు గంటలు నడపగలదు, చెరువులో అలాంటివి ఎన్నో ఉంటాయి. అక్కడ ఇప్పటికి డీజిల్ జనరేటరే సరైనది. గిట్టని చోట గిట్టదని చెప్పగలగడం కూడా ఈ వృత్తిలో భాగమే.

దుకాణం ఇప్పుడు వద్దనడానికి మరో కారణం బాధ్యత. సొంత పేరుతో బ్యాటరీలు చేసి అమ్మేవారు 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఉత్పత్తిదారుల కిందికి వస్తారు. నమోదు చేసుకోవాలి, పాతబడిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యతా వారిదే. స్థిరంగా ఒకచోట ఉంచే లిథియం బ్యాటరీల భద్రతకు ఐఈసీ 62619, రవాణాకు ఎనిమిది పరీక్షలున్న యూఎన్ 38.3 వంటి ప్రమాణాలు ఉన్నాయి. ఇరవై ఏళ్ల కుర్రవాడు అమ్మిన బ్యాటరీ వల్ల ఒకరి ఇల్లు అంటుకుంటే, చూపించడానికి చేతిలో పరీక్షల రికార్డు లేకపోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

చదువు విషయంలో మీ మాటలో సగం సరైనది. ఈ సంవత్సరం ఈసెట్ తప్పక రాయించండి. కాకినాడ జేఎన్‌టీయూ వంటి చోట గాని, లేబొరేటరీ బాగున్న మరో కాలేజీలో గాని రెండో సంవత్సరం బీటెక్‌లో ఎలక్ట్రికల్ సీటు వస్తే చేరడమే మంచిది. బ్యాటరీలను పరీక్షించే కేంద్రాల్లో ఇంజనీరు హోదాకు డిగ్రీ అడుగుతారు. అలాంటి సీటు రాక, పేరుకు ఒక డిగ్రీ ఇచ్చే కాలేజీయే దొరికితే మాత్రం ఆ ఫీజు కట్టవద్దు. జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద ఒక ఏడాది బ్యాటరీలు లేదా ఇన్వర్టర్లు తయారుచేసే సంస్థలో చేర్పించి, వచ్చే ఏడు మళ్లీ ఈసెట్ రాయించండి. లెక్కలు మరిచిపోకుండా సాయంత్రాలు చదువుకోవాలి, అంతే. సెల్ లోపలి రసాయన శాస్త్రమే అతనికి నచ్చితే దారి వేరు: అప్పుడు కెమికల్ వైపు మొగ్గాలి, తమిళనాడులోని కారైకుడిలో ఉన్న సెక్రీ వంటి జాతీయ పరిశోధన సంస్థలను దృష్టిలో పెట్టుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి అతనికి చేతిపని మీద, కొలతల మీద ఇష్టం ఉన్నట్టుంది. బీటెక్‌లో చేరినా చేరకపోయినా క్యాన్, ఆర్‌ఎస్ 485 అనే సమాచార లైన్ల ద్వారా కంప్యూటర్ నుంచి బీఎంఎస్‌తో మాట్లాడడం, కొలతలను కంప్యూటర్లో నమోదు చేసి గ్రాఫు గీయడం, ఇంగ్లిషులో పొల్లుపోకుండా రిపోర్టు రాయడం నేర్చుకోవాలి. మూడోది మన పిల్లలు నిర్లక్ష్యం చేస్తారు.

ఉద్యోగాలు ఎక్కువగా డెల్టా బయటే ఉన్నాయని ముందే తెలుసుకోండి. తిరుపతి కేంద్రంగా ఎదిగిన అమరరాజా సంస్థ తెలంగాణలోని దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారం నెలకొల్పుతోంది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, పుణే పరిసరాల్లో బ్యాటరీల తయారీ, పరీక్షల పని ఉంది. నాలుగైదేళ్లు అక్కడ పనిచేసి వచ్చాక అమలాపురంలో తెరిచే దుకాణం వేరుగా ఉంటుంది. అప్పుడు అతను అమ్మేది బ్యాటరీ కాకపోవచ్చు. ఇతరులు పెట్టిన సోలార్ వ్యవస్థలను తనిఖీ చేసి, బాగుచేసి, ధ్రువీకరించే పని కావచ్చు. ఇంటి వైరింగ్‌లో చేయి పెట్టడానికి విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు అనుమతి కావాలి కాబట్టి ఆ అర్హతను కూడా ఈలోగా సంపాదించుకోవాలి.

దుకాణానికి అడిగిన డబ్బులో చిన్న భాగం మాత్రం ఇప్పుడే ఇవ్వండి. ఒక్క సెల్‌ను 20 ఆంపియర్లతో ఖాళీ చేయడానికి 75 వాట్లు మోయగల ఎలక్ట్రానిక్ లోడ్ చాలు. అది, నాలుగు తీగల అంతర్నిరోధ మీటరు, ఒక డీసీ క్లాంప్ మీటరు కొనిపెట్టండి. మీ ఇంట్లోని నాలుగు సెల్స్‌ను విడదీసి, ఒక్కొక్కదాన్ని పరీక్షించి, రాసిన సామర్థ్యానికీ వచ్చినదానికీ ఉన్న తేడాను తేదీతో, ఉష్ణోగ్రతతో సహా ఒక రిపోర్టుగా రాయమనండి. అప్రెంటిస్ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ రిపోర్టు తీసుకెళ్లాలి, తనను అసెంబ్లీ లైన్‌లో వేస్తారా, టెస్టింగ్ విభాగంలో వేస్తారా అని చేరకముందే అడగాలి.