వాయిదాల మాట కాగితం మీద ఉండాలి

చిరంజీవికి తిరుపతి నుండి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మాయికి ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలలో సీటు వచ్చిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాము. ఫీజు వాయిదాలలో కట్టడానికి ఒప్పుకుంటారా అని అడిగావు. కళాశాల లెక్కల విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను, గడువుకు ముందుగా వెళ్లి అడిగినవారికి చాలాచోట్ల ఒప్పుకుంటారు, గడువు దాటాక వెళ్లినవారికి అపరాధ రుసుము గురించే చెబుతారు.

ముందుగా ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్, బస్సు, తిరిగి ఇచ్చే డిపాజిట్ వేటికవే విడిగా రాసిన వివరం తీసుకో. ప్రైవేటు కళాశాలల ట్యూషన్ ఫీజును రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసు మీద ప్రభుత్వం ఖరారు చేస్తుంది కాబట్టి, ఆ అంకెతో పోల్చి చూసుకో.

సీటు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా వచ్చింది కనుక, ఆదాయం వగైరా అర్హతలు ఉంటే ప్రభుత్వమే ఫీజు భరించే రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేయవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. అయితే ప్రభుత్వ సొమ్ము కళాశాల గడువు చూసుకుని రాదు. ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తామని కళాశాలవారు అంటే, ఆ మాటను కూడా రాతపూర్వకంగా తీసుకో. రీయింబర్స్‌మెంట్ రావాలంటే అమ్మాయి హాజరు 75 శాతానికి తగ్గకూడదని ఆమెకు ఇప్పుడే చెప్పు. ఈ సంగతి పిల్లలకు ఆఖరున గానీ గుర్తురాదు.

వాయిదాల కోసం ప్రిన్సిపాల్ పేర ఉత్తరం రాసి, ఏ తేదీకి ఎంత కడతావో అందులో స్పష్టంగా చూపించి, నీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకో. గుమాస్తా సరేనన్నాడని ఊరుకోవద్దు, ఆ గుమాస్తా బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది. తేదీలు పెట్టేటప్పుడు తోతాపురి మామిడి డబ్బును నమ్ముకోవద్దు. గుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలిన తరువాత పైకం ఎప్పుడు చేతికి వస్తుందో మన చిత్తూరు రైతులకు వేరే చెప్పనక్కరలేదు. మొదటి వాయిదా దాచిన సొమ్ముతో కట్టు, మిగతావి పాల బిల్లులు పడే తేదీలకు సరిపెట్టు. మామిడి పైకం వస్తే చివరి వాయిదా ముందే తీర్చవచ్చు.

వడ్డీ లేని ఈఎంఐ అని ఫైనాన్స్ సంస్థవారు కళాశాలలోనే బల్ల వేసుకుని పిలుస్తారు. అది వాయిదా సదుపాయం కాదు, నీ పేర తీసుకునే అప్పు. అమ్మాయి కళాశాల మారినా ఆ అప్పు ఆగకపోవచ్చు. తప్పదనుకుంటే బ్యాంకు విద్యా రుణమే మేలు. సాధారణంగా 4 లక్షల వరకు మన వాటా సొమ్ము అడగరు, 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. చదువు ముగిసిన ఏడాది తరువాతే తిరిగి కట్టడం మొదలవుతుంది.

సొమ్ము కళాశాల ఖాతాకే పంపు, ఎవరి సొంత ఫోన్ నంబరుకూ పంపవద్దు, రసీదులన్నీ ఒక ఫైలులో ఉంచు. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడాన్ని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు అనుమతించవు. పరిశీలన అయ్యాక వాటిని వెనక్కి అడుగు.

ఉత్తరం చిత్తుప్రతి వాట్సాప్‌లో పంపితే, చూసి దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న