ఏఐ ఏజెంటు కోసం పనుల జాబితా టూలు: డాక్యుమెంటేషన్‌లో ఏమి రాయాలి?

బ్యాక్‌లాగ్.ఎండీ వంటి పనుల జాబితా టూలును ఏజెంటు (మన తరఫున కోడు రాసే ఏఐ ప్రోగ్రాము) సరిగా వాడాలంటే డాక్యుమెంటేషన్‌లో ఏమి రాసిపెట్టాలన్నది ప్రశ్న.

ఈ టూలు ప్రతి పనినీ గిట్ రిపాజిటరీలోనే, అంటే ప్రాజెక్టు కోడు ఉండే చోటే, ఒక్కో మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్) ఫైలుగా భద్రపరుస్తుంది. ఏజెంటుకు నిన్నటి సంభాషణ గుర్తుండదు. కొత్త సెషన్‌లో దానికి ఆధారం ఆ ఫైలే. అందుకే కమాండ్ల పట్టిక కన్నా ముందు, పని ఎప్పుడు పూర్తయినట్టు లెక్కో ఆ ఫైలులో ఎలా రాయాలో చెప్పండి. "లాగిన్ సరిచేయాలి" అంటే చాలదు. "తప్పు పాస్‌వర్డ్ ఇస్తే 401 (లాగిన్ చెల్లలేదనే ఎర్రర్ కోడు) రావాలి, దానికి టెస్టు ఉండాలి" అని ఉంటే ఏజెంటు తన పనిని తానే సరిచూసుకోగలదు. నా దృష్టిలో డాక్యుమెంటేషన్‌కు ప్రాణం ఇదే.

పని స్థితిని ఎప్పుడు మార్చాలో, ఫైలును నేరుగా దిద్దకుండా కమాండుతోనే ఎందుకు మార్చాలో చెప్పడానికి ఏజెంటుకు సూచనలు ఉండే ఏజెంట్స్.ఎండీ ఫైలులో రెండు వాక్యాలు చాలు. పూర్తిగా నింపిన నమూనా పని ఒకటి మాత్రం తప్పక జతచేయండి.