లైకులు చూసి ఆర్డర్లు రావు, అయినా అబ్బాయిని ఆపకండి

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అబ్బాయి నిరుడు బీకామ్ పూర్తి చేశాడు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి హైదరాబాద్ పంపిస్తానంటే వద్దంటున్నాడు. పెళ్లి ఫొటోగ్రఫీ చేస్తాడట, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు పెరిగితే ఆర్డర్లు వాటంతట అవే వస్తాయట. కెమెరాకి, లెన్సులకి రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. మా అన్నయ్య కొడుకు ఇప్పటికే బ్యాంకులో పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్). రెండు దారుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. వాడి పేజీ లింకు పంపుతున్నాను.

జవాబు: అయ్యా, అన్నయ్యగారి అబ్బాయి ఉద్యోగం సంగతి మీ ప్రశ్నకి అవసరం లేదు, అయినా రాశారు. మీ టెన్షన్ అంతా అక్కడే ఉందని నాకు అర్థమైంది. రేపు నలుగురిలో 'మీవాడు ఏం చేస్తున్నాడు' అంటే ఏం చెప్పుకోవాలి, పిల్లనెవరిస్తారు అన్నదే మీ దిగులు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, కెమెరా బదులు ఒకసారి క్రికెట్ ఉంటుంది, ఒకసారి వంట ఉంటుంది. ముందు మీ గుండె కాస్త కుదుటపడే మాట చెబుతాను. బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్ష 30 ఏళ్లదాకా రాయొచ్చు. మీవాడికి ఇప్పుడు 21 దాటి ఉంటాయేమో. ఒక ఏడాది ఇచ్చి చూస్తే ఆ తలుపు మూసుకుపోదు.

అబ్బాయి పేజీ పైనుంచి కిందదాకా చూశాను. కోటప్పకొండ మీద సూర్యోదయం, వాన చినుకులు నిలిచిన తామరాకు, స్నేహితుడి బైకు, మళ్లీ సూర్యోదయం. ఫాలోవర్లు నాలుగు వేల పైచిలుకు. పెళ్లి ఫొటోలు మాత్రం ఒకే ఒక్క పెళ్లివి. పేరు కింద ఇంగ్లీషులో ఒక కవిత్వపు ముక్క ఉంది, ఊరి పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ఆ పెళ్లిలో అప్పగింతల ఫొటో ఒకటుంది. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడుతుంటే అందరూ చేతుల వైపు చూస్తున్నారు, మీవాడి కెమెరా మాత్రం వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడ్డ పెళ్లికూతురి తండ్రి ముఖం పట్టుకుంది. అక్కడ ఫొటో తీయాలని తోచడం ఎవరో నేర్పితే వచ్చేది కాదు. మీరు ఆ ఫొటో చూశారా? చూసి ఉంటే ఉత్తరంలో ఒక్క ముక్కయినా రాసేవారనిపించింది.

ఇప్పుడు అబ్బాయి నమ్మకం సంగతి. దీంట్లో నాకు పెద్ద అనుమానమే ఉంది, దాచను. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం, జూలైలో మన దేశంలో ఇన్‌స్టా రీల్స్ అనే చిన్న వీడియోల రాక, ఆ తర్వాత రీల్ అనేది మనల్ని ఎరగనివాళ్లకి కూడా కనబడటం మొదలైంది. వినడానికి బాగుంటుంది. కానీ ఎక్కడో ఇండోర్ నగరంలో కూర్చుని లైకు కొట్టినవాడు నరసరావుపేటలో పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకోడు. మీవాడికి ఆర్డర్ ఇచ్చేది చిలకలూరిపేట, సత్తెనపల్లి, వినుకొండ, పిడుగురాళ్ల వాళ్లు. వాళ్ల ఇళ్లలో పెళ్లి కుదరగానే మేనమామ ఎవరినో అడుగుతాడు, ఫంక్షన్ హాలు మేనేజరు ఒక పేరు చెబుతాడు, డెకరేషన్ వాళ్లు ఒక పేరు, మేకప్ అమ్మాయి ఇంకో పేరు. అప్పుడు పెళ్లికూతురు ఫోన్ తీసి ఆ పేర్లు ఇన్‌స్టాలో వెతుకుతుంది. పేజీ పని అక్కడ మొదలవుతుంది, ఎవరో చెప్పిన పేరు మీద నమ్మకం కుదర్చడం వరకే.

కాబట్టి ఆ పిల్లకి కావలసింది పేజీలో దొరకాలి. పసుపు దంచడం నుంచి అప్పగింతల దాకా ఒక పెళ్లి మొత్తం ఒకచోట ఉండాలి. మధ్యాహ్నం ఎండలో, హాలు లైట్లలో, అర్ధరాత్రి ముహూర్తంలో ముఖాలు ఎలా వస్తున్నాయో కనబడాలి. ఆల్బమ్ పేజీలు తిప్పుతున్న చిన్న వీడియో ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఊరు, నంబరు పైన రాయమనండి. గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవడానికి పైసా ఖర్చులేదు, పని చేయించుకున్నవాళ్లతో అక్కడ రెండు మాటలు రాయించుకోవాలి. మన ఊళ్లలో వాట్సాప్ స్టేటస్‌ని తక్కువగా చూడొద్దు. పెళ్లిళ్లు కుదిర్చే అత్తలు, పిన్నులు అందరూ అక్కడే ఉన్నారు.

ఆ పేజీ మీవాడి సొంత ఆస్తి కాదు, ఇది వాడికి గట్టిగా చెప్పాలి. 2025 మొదట్లో ఇన్‌స్టా ప్రొఫైల్‌లో చదరపు గళ్లు తీసేసి నిలువు గళ్లు పెట్టింది, పేజీని ముగ్గులా పేర్చుకున్నవాళ్ల అమరికంతా చెదిరిపోయింది. అకౌంట్ హ్యాక్ అయినా అంతే, ఒక్క రాత్రిలో చేతికి అందకుండా పోతుంది. కస్టమర్ల నంబర్లు పుస్తకంలో, ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లో ఉండాలి.

పిల్లలకి ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే పేజీలో పెట్టుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఓణీల ఫంక్షన్ ఫొటోల దగ్గర మరీ జాగ్రత్త, చిన్నపిల్ల ఫొటో అడక్కుండా రీల్‌లో పెడితే ఆ ఊళ్లో పేరు పోతుంది. రేపో మాపో డ్రోన్ కూడా అడుగుతాడు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు కోసం ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి.

పోల్చి చెప్పమన్నారు. బ్యాంకులో నెల తిరిగేసరికి జీతం, దానితోపాటు బదిలీలు. ఇక్కడ మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో, శ్రావణంలో సంపాదించింది ఆషాఢంలో, మూఢంలో తినాలి. ఆల్బమ్ ఇచ్చేదాకా మిగతా డబ్బు చేతికి రాదు. ఇంతకంటే పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే బ్యాంకు పరీక్ష మనసు పెట్టకుండా రాసేవాడికి వచ్చేది కాదు.

ఇక మీతో కాస్త గట్టిగా మాట్లాడతాను, కోపగించుకోకండి. హైదరాబాద్‌లో కోచింగ్ ఫీజు, హాస్టల్, చేతిఖర్చు ఏడాదికి ఎంతవుతుందో మీరు లెక్క రాయలేదు. కెమెరా డబ్బు మాత్రం లెక్కగట్టి రాశారు. వద్దన్న పిల్లాడిని కోచింగ్‌లో కూర్చోబెడితే అయ్యేది కూడా ఖర్చేనండీ. అన్నయ్యగారి అబ్బాయి పేరు భోజనాల దగ్గర ఎత్తడం ఇవాళే మానేయండి. ఆ మాట విన్న ప్రతిసారీ మీవాడు ఫొటోలు తీయడం మాని మీకు చూపించడానికి ఫాలోవర్లని లెక్కపెట్టుకుంటాడు. లైకుల పిచ్చి సగం అక్కడినుంచే వస్తుంది.

రెండున్నర లక్షలు మాత్రం ఇప్పుడు ఇవ్వకండి. గుంటూరులో, విజయవాడలో కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకి దొరుకుతాయి. ఒక పెళ్లిళ్ల సీజన్ మీ ఊళ్లోనే సీనియర్ ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేయమనండి, మీరే వెంట వెళ్లి పరిచయం చేయండి. తండ్రి వచ్చి అడిగితే ఆయన కూడా శ్రద్ధగా నేర్పుతాడు. సీజన్ అయ్యాక కూడా పట్టుదల తగ్గకపోతే చిన్న వ్యాపారాలకి రుణాలిచ్చే ముద్ర పథకం కింద కిశోర్ విభాగంలో 5 లక్షల దాకా రుణానికి బ్యాంకులో అడగొచ్చు, పొలం జోలికి వెళ్లక్కర్లేదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి కంగారుపడే పని లేదు.

ఈలోపు ప్రతి పెళ్లికీ ఎంత వచ్చింది, ఖర్చులు పోను ఎంత మిగిలింది, ఎవరు చెబితే ఆ ఆర్డర్ వచ్చింది, ఈ మూడూ ఒక నోటు పుస్తకంలో రాయమనండి. ఏడాది తిరిగాక ఆ పుస్తకం తీసుకుని అబ్బాయితో కలిసి నా దగ్గరికి రండి, కోచింగా కెమెరానా అన్నది ముగ్గురం కూర్చుని తేల్చుకుందాం.