డీసీ ఎర్త్ వెతకాల్సింది వానలోనే

ప్రశ్న: నేను 132/33 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. వాన మొదలవగానే ప్యానెల్ మీద ‘డీసీ ఎర్త్’ (బ్యాటరీ వైరు భూమికి తగిలిందనే) అలారం వస్తోంది. మర్నాడు ఎండ కాస్తే పోతోంది. బ్రేకర్లు పడటం లేదు, ఫ్యూజులు కాలడం లేదు. ‘ఎండొస్తే అదే పోతుందిలే’ అంటున్నారు పైవాళ్లు. నిజంగా ప్రమాదం ఉందా? ఎలా పట్టుకోవాలి?
– ఒక ఆపరేటర్, ఖమ్మం జిల్లా

జవాబు: అలా అన్నవాళ్లను ఒక వానరాత్రి మీ షిఫ్టులో కూర్చోబెట్టాలి, బాబూ!

బ్రేకర్లకీ, ఫాల్ట్ వస్తే వాటిని పడేయించే రిలేలకీ కరెంటిచ్చే మీ 220 వోల్టుల బ్యాటరీలో ప్లస్‌నీ మైనస్‌నీ దేన్నీ కావాలనే నేరుగా భూమికి కట్టరు. ఒక వైరు ఎక్కడో భూమికి తగిలినా కరెంటు తిరిగి రావడానికి దారి ఉండదు, రక్షణ పనిచేస్తూనే ఉంటుంది. అసలు భయం రెండో ఎర్త్‌తోనే. ప్లస్ ఒకచోట తగిలి ఉండగా, ఇంకోచోట బ్రేకర్‌ని పడేసే ట్రిప్ కాయిల్‌కి వెళ్లే వైరు కూడా తడిసిందనుకోండి. రిలేతో పని లేకుండానే భూమి మీదుగా కాయిల్‌కి కరెంటు అంది బ్రేకర్ పడిపోవచ్చు. మొదటి ఎర్త్ మైనస్ వైపు ఉండి ఆ కాయిల్ వైరు తడిస్తే ఇంకా ఘోరం. లైన్లో ఫాల్ట్ వచ్చి రిలే కాంటాక్ట్ మూసుకున్నా, కరెంటు కాయిల్‌ని తప్పించుకుని భూమిలోకి పోతుంది. ఫ్యూజు కాలుతుంది, బ్రేకర్ కదలదు.

కాబట్టి వెతకాల్సింది అలారం ఉన్నప్పుడే. ముందు మల్టీమీటర్‌తో ప్లస్‌కీ భూమికీ, మైనస్‌కీ భూమికీ మధ్య వోల్టేజి చూడండి. మామూలుగా చెరో 110 దరిదాపుల్లో ఉంటుంది. ప్లస్ 15, మైనస్ 205 చూపిస్తే లీకేజీ ప్లస్ వైపు. టెస్ట్ ల్యాంపు మాత్రం ముట్టుకోవద్దు, ఆ బల్బే రెండో ఎర్త్ అయి కూర్చుంటుంది.

మీటర్ అలాగే ఉంచి, ఎమర్జెన్సీ లైట్లు, బ్రేకర్ స్ప్రింగులను బిగించే చార్జింగ్ మోటార్ల వంటి సర్క్యూట్లను ఒక్కొక్కటిగా ఆపి మళ్లీ వేయండి. ఏది ఆపితే రెండు వోల్టేజీలూ సమానమవుతాయో తప్పు దాన్లో ఉంది. ప్రొటెక్షన్ డీసీ ఫ్యూజును మాత్రం అనుమతి లేకుండా లాగకూడదు. ఆ కాసేపూ ఆ ఫీడర్‌కి (ఆ లైనుకి) కాపలా ఉండదు. మీ డివిజన్‌లో ఫాల్ట్ లొకేటర్ (లీకేజీని వెతికే పరికరం) ఉంటే ఏదీ ఆపక్కర్లేదు. అది కొద్ది హెర్ట్జ్ సిగ్నల్ పంపుతుంది. సర్క్యూట్ ప్లస్, మైనస్ వైర్లు రెండూ క్లాంప్‌లోంచి పోయేలా పట్టుకుంటే లోడ్ కరెంటు రద్దయి లీకేజీ ఒక్కటే మిగులుతుంది. పొడవాటి కేబుళ్లు తమ కెపాసిటెన్స్ వల్ల కొంత సిగ్నల్ తాగుతాయి, చిన్న రీడింగులు చూసి కంగారు పడొద్దు.

వానతో వచ్చి ఎండతో పోతోందంటే నేను నేరుగా యార్డులోకే నడుస్తాను, మొదట ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఫాల్ట్‌ని పసిగట్టే బుకోల్జ్ రిలే టెర్మినల్ బాక్స్ దగ్గరికి. లైన్ క్లియర్ (పని చేయడానికి అనుమతి) తీసుకుని మూత విప్పితే లోపలివైపు నీటి చుక్కలు వేలాడుతుంటాయి, ఇత్తడి స్టడ్ల చుట్టూ ఆకుపచ్చ చిలుము. గాస్కెట్ పోయిందని అందరూ అంటారు. సగంసార్లు దోషం కేబుల్‌ది. పైనుంచి దిగి సరాసరి బాక్సులో దూరితే నీరు దాని వెంటే నడిచొస్తుంది. కిందికి వంకీ తిప్పి, కిందినుంచి ఎక్కించాలి. ఆ తర్వాత యార్డు కేబుళ్లన్నీ కలిసే మార్షలింగ్ బాక్సుల అడుగున, కేబుళ్లు దూరే మూయని గ్లాండ్ రంధ్రాలు చూడండి.

ఆరబెట్టాక మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) వేసేముందు ఆ కేబుల్‌ని రెండు చివరలా విప్పండి. 500 వోల్టులు న్యూమరికల్ (ఎలక్ట్రానిక్) రిలేలోకి పోతే దాని కార్డు దక్కదు.