పాట కన్నా ముందు కనబడే ముఖం

సంగీత ఆల్బమ్‌ల ముఖచిత్రాల గురించి పాఠకులు పంపిన మూడు ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా బృందం గొరవయ్యల (రాయలసీమలో శివుడిని కొలుస్తూ ఢమరుకంతో పాడి ఆడే జానపద కళాకారుల) పాటలను స్టూడియోలో రికార్డు చేయించింది. వాటిని ఫోన్లలో వినే సంగీత యాప్‌లలో విడుదల చేయదలచాము. ముఖచిత్రం తయారుచేసిన కుర్రవాడు ఎర్రటి ఆకాశం, బండరాళ్లు, వాటి మీద ఒక వేటకొడవలి పెట్టాడు. రాయలసీమ అంటే జనానికి గుర్తుకొచ్చేది ఇదేనని అతని వాదన. మాకు మనసొప్పడం లేదు గాని, ఎందుకు వద్దో చెప్పలేకపోతున్నాము. (ఒక పాఠకుడు, ఆదోని)

సమాధానం: మీ మనసు ఒప్పకపోవడంలో తప్పేమీ లేదు. ఆ కొడవలిని చూసిన శ్రోత ఇవి ఏదో ఫ్యాక్షన్ సినిమా పాటలని అనుకుని తెరుస్తాడు. ఢమరుకం, పిల్లనగ్రోవి వినబడగానే తాను కోరినది ఇది కాదని మరో పాటకు వెళ్లిపోతాడు. గొరవయ్యల పాట కోసమే వెదికే శ్రోత మాత్రం ఆ బొమ్మను చూసి అసలు తెరవనే తెరవడు. ఇద్దరిలో ఒక్కరికీ అది మీరెవరో చెప్పలేదు.

ముఖచిత్రానికి ఈ బాధ్యత మొదటి నుంచీ ఉన్నది కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల కాలంలో వాటిని ఎక్కువగా బొమ్మలేని దళసరి కాగితపు సంచులలోనో, పేరు మాత్రం అచ్చువేసిన అట్టలలోనో అమ్మేవారు. అమెరికాలోని కొలంబియా రికార్డ్స్ సంస్థలో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువ చిత్రకారుడు 1940లో రికార్డుల అట్ట మీద సంగీతాన్ని సూచించే బొమ్మను వేయవచ్చునని సంస్థను ఒప్పించాడు. 1948లో అదే సంస్థ ఎల్పీ (ఎక్కువసేపు మోగే) రికార్డును తెచ్చినప్పుడు పన్నెండు అంగుళాల రికార్డు పట్టే చదరపు అట్ట చిత్రకారుల చేతికి వచ్చింది. అంగడిలో రికార్డును వినకముందే కళ్లతో ఎంచుకునే అలవాటు శ్రోతలకు అక్కడి నుంచే బలపడింది.

ఒక సంగీత శైలికి ముఖచిత్రం ఎంతటి గుర్తింపును తేగలదో చూడాలంటే జాజ్ సంగీతాన్ని ప్రచురించిన బ్లూ నోట్ సంస్థ అట్టలను చూడాలి. ఫ్రాన్సిస్ వుల్ఫ్ రికార్డింగు గదిలో తీసిన నలుపు తెలుపు ఫొటోలను రీడ్ మైల్స్ అనే రూపకర్త ధైర్యంగా కత్తిరించి, ఒక్క రంగు పులిమి, అక్షరాలను బొమ్మతో సమానమైన పరిమాణంలో పేర్చి, 1950లు, 60లలో వందల కొద్దీ అట్టలను రూపొందించాడు. దూరం నుంచి చూసినా అది ఏ సంస్థదో, ఏ తరహా సంగీతమో తెలిసిపోయేది. మైల్స్‌కు జాజ్ మీద పెద్దగా ఆసక్తి లేదని అంటారు. రికార్డులో ఏముందో సంస్థ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ నోట విని, ఆ మాటల మీదనే అతడు పనిచేసేవాడట. కాబట్టి మీ కుర్రవాడిని నేను తప్పుపట్టను. అతనికి పాటలను వినిపించి, పక్కన కూర్చుని అర్థం చెప్పవలసిన పని మీది.

ఇక్కడ మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. రికార్డుల కాలంలోనూ, క్యాసెట్ల కాలంలోనూ మనం కొన్న వాటిలో ఎక్కువ భాగం సినిమా పాటలే. వాటి అట్ట మీద ఉండేది సినిమా పోస్టరును కుదించిన బొమ్మ, అంటే కథానాయకుడి ముఖం. పాడినవారి పేర్లు వెనకవైపు చిన్న అక్షరాలలో ఉండేవి. అందువల్ల ఆల్బమ్ బొమ్మ సినిమాను తెలపాలనే అలవాటు మన కళ్లలో పాతుకుపోయింది. సినిమాతో సంబంధం లేని కళాకారుడు కూడా తెలియకుండానే తన పాటకు ఒక సినిమా పోస్టరును తగిలించుకుంటున్నాడు. కొండారెడ్డి బురుజును, బండరాళ్లను చూడగానే ఛేజింగులే గుర్తుకు వచ్చేలా చేసిన ఘనత తెరదే తప్ప సీమది కాదు.

మీ పాటకు తనదైన రూపం ఉండగా అరువు బొమ్మ ఎందుకు? ఎలుగుబంటి తోలు టోపీ, భుజాన నల్లని కంబళి, చేతిలో ఢమరుకం ఉన్న గొరవయ్య ఆకారాన్ని మరే కళారూపంతోనూ పొరబడలేము. అందులో కూడా మూడింటినీ ఇరికించవద్దు. ఫోను తెరమీద మీ ముఖచిత్రం బొటనవేలి గోరంతే కనబడుతుంది. అంత చిన్న చోట టోపీ పెట్టుకున్న తల ఒక్కటే, లేతరంగు నేపథ్యం మీద నల్లగా, స్పష్టంగా నిలుస్తుంది. బృందమంతా వరుసగా నిలబడిన ఫొటోను లోపలి పరిచయానికి ఉంచుకోండి.

అక్షరాల విషయంలో నా అభిప్రాయం కాస్త మొండిదే: తెలుగు ఆల్బమ్‌లో బొమ్మ కన్నా అక్షరమే ఎక్కువ చెబుతుంది. బాపు చేతిరాతను పోలిన అక్షరాలను చూడగానే తెలుగు పాఠకుడికి హాస్యమో, ఇంటి వాతావరణమో, రామకథో స్ఫురిస్తుంది. అదే అక్షరాలను ఢమరుకం పక్కన పెడితే ఎంత అందంగా ఉన్నా అతకవు. ధూర్జటి, పెద్దన, తిమ్మన, రామరాజ వంటి పేర్లతో ఉచిత తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతున్నాయి. వాటిలో మందమైనదాన్ని ఎంచుకోండి, లేదా మీ ఊరిలో బోర్డులు రాసే పెయింటరు చేత కుంచెతో రాయించి ఫొటో తీయండి. పేరు రెండు వరుసలలో వస్తే వరుసల మధ్య చోటు విడవండి. ఉదాహరణకు, మల్లయ్య అనే మాటలో ల్ల, య్య ఒత్తులు కిందికి దిగుతాయి. కింది వరుసలోని గుడులు, ఏత్వాలు వాటిని తాకితే చిన్న తెరపై అంతా మసకమసకగా కలిసిపోతుంది.

మరొక మాట. క్యాసెట్ అట్టల అడుగున కార్యక్రమాలకు సంప్రదించమంటూ ఫోను నంబరు వేసే అలవాటు మన బృందాలకు ఉండేది. ఇప్పటి యాప్‌లకు పాటలు చేర్చే సంస్థలు నంబర్లు, వెబ్ చిరునామాలు, ధరలు ఉన్న ముఖచిత్రాలను సాధారణంగా తిరస్కరిస్తాయి. చదరపు బొమ్మనే అడుగుతాయి. నిలువునా అడ్డంగా 3000 పిక్సెళ్ల చొప్పున తయారు చేయించుకుంటే ఇబ్బంది రాదు.

ప్రశ్న: నేను అన్నమాచార్య కీర్తనలు పాడతాను. తొలి ఆల్బమ్ ముఖచిత్రంపై వేంకటేశ్వరస్వామి ఉండాలా, నా ఫొటో ఉండాలా అని ఇంట్లో వాదన నడుస్తోంది. (ఒక పాఠకురాలు, కడప)

సమాధానం: శ్రోత మీ పాటను ఏ వేళ, ఎలా వింటారని మీరు ఊహిస్తున్నారో దాన్ని బట్టి తేల్చుకోండి. తెల్లవారుజామున పూజగదిలో మోగాలని పాడిన కీర్తనలకు స్వామి రూపమే తగినది. అక్కడ గాయని ముఖాన్ని ఎవరూ వెదకరు. రాగాలాపనతో, స్వరకల్పనతో కచేరీ పద్ధతిలో పాడినవైతే తంబుర పక్కన కూర్చున్న మీ ఫొటో ఉండాలి, ఎందుకంటే అక్కడ శ్రోత అంచనా వేసేది మీ విద్యను. రెండింటినీ కలిపి, పైన స్వామిని, కింద మూలలో గాయని ముఖాన్ని అతికించే పాత క్యాసెట్ పద్ధతి నాకు నచ్చదు. అది భక్తికీ చాలదు, విద్యకూ చాలదు. అన్నమాచార్యుడి ఊరైన తాళ్లపాక మీకు దగ్గరే గనుక ఆ ఊరి జాడను కూడా ఆలోచించవచ్చు.

దేవుడి బొమ్మే కదా అని ఇంటర్నెట్‌లో దొరికినదాన్ని వాడవద్దు. మన దేశంలో చిత్రకారుడి హక్కు సాధారణంగా అతని మరణానంతరం మరో 60 ఏళ్లు ఉంటుంది. 1906లో మరణించిన రాజా రవివర్మ చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. నిన్నమొన్నటి క్యాలెండరు చిత్రాలకు తీరలేదు.

ప్రశ్న: పేరొందిన విదేశీ బృందాలు ముఖచిత్రం మీద పేరే వేయలేదని విన్నాము. మా కాలేజీ రాక్ బృందం కూడా అలా చేయవచ్చా? (ఒక విద్యార్థి, అనంతపురం)

సమాధానం: చేయవచ్చు, కాని కారణం ఉండాలి. 1969లో బీటిల్స్ బృందం 'అబే రోడ్' ముందు అట్ట మీద పేరు వేయలేదు; రోడ్డు దాటుతున్న ఆ నలుగురినీ అప్పటికే లోకమంతా గుర్తుపడుతుంది గనుక సరిపోయింది. మీకు దగ్గరి ఉదాహరణ 1979లో వచ్చిన జాయ్ డివిజన్ అనే బ్రిటిష్ రాక్ బృందపు తొలి ఆల్బమ్. అప్పటికి వారి పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. రూపకర్త పీటర్ సావిల్, ఖగోళ విజ్ఞాన గ్రంథంలోని ఒక పల్సర్ (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) రేడియో తరంగాల రేఖాచిత్రాన్ని తీసుకుని, తెలుపు మీది నల్లగీతలను నలుపు మీది తెల్లగీతలుగా మార్చి, ముందు వైపు ఒక్క అక్షరమూ లేకుండా అచ్చువేయించాడు. ఆ చల్లదనం, ఒంటరితనం వారి పాటలలోనూ ఉన్నాయి గనుకనే బొమ్మ నిలిచింది.

మీకు ఒక సౌకర్యం ఎలాగూ ఉంది: యాప్‌లో ముఖచిత్రం పక్కనే మీ పేరు అక్షరాలలో కనబడుతుంది. పేరు తీసేసిన చోట ఏ బొమ్మ నిలుస్తుందో ముందుగా తేల్చుకోండి. గిటారు, మంటలు, పుర్రె అయితే మాత్రం పేరు వేయండి. అవి ఉన్న ముఖచిత్రాలు వేలల్లో ఉన్నాయి, మిమ్మల్ని వాటి నుంచి వేరుచేసేది ఆ పేరొక్కటే అవుతుంది.