డాన్స్ టీచర్‌గా రోజు ఎలా గడుస్తుంది? విజయనగరం లాంటి ఊళ్లో దానిమీద బతకొచ్చా?

పెద్ద నగరాల్లో బ్యాలే టీచర్ల వీడియోలు చూసి మీ అమ్మాయి డిగ్రీ అయ్యాక డాన్స్ టీచర్ అవుతానంటోందని, అసలు ఆ పని రోజూ ఎలా ఉంటుందో, మన ఊళ్లో దానితో గడుస్తుందో లేదో చెప్పమని అడిగారు. నేను బ్యాలే టీచర్ని కాదండీ. విజయనగరంలో 18 ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. కాకపోతే మా చెల్లెలి కూతురు బెంగళూరులో బ్యాలే నేర్చుకుంటోంది, రెండేళ్ల కిందట వాళ్లింట్లో పది రోజులు ఉన్నప్పుడు రోజూ నేనే దాన్ని క్లాసుకి తీసుకెళ్లి ఓ మూల కూర్చుని చూసేదాన్ని. కాబట్టి రెండూ చెబుతాను.

డాన్స్ టీచరంటే రోజంతా డాన్స్ చేస్తుందని అనుకుంటారు. నేను నాకోసం కాళ్లు కదిపేది రోజుకి ఒక్క గంట, అదీ తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తేనే. ఐదున్నరకి కుళాయి వస్తుంది, ఇక ఆ తర్వాత బిందెలు, టిఫిను, మావారి క్యారేజీ, మా అత్తగారి మందులు. ఆ గంట పోయిందంటే ఆ రోజుకి పోయినట్టే. సాయంత్రం చేసుకుందాంలే అని మొదట్లో మూడు నాలుగేళ్లు వాయిదా వేసుకుంటూ పోయాను, ఒకరోజు పిల్లలకి జతి, అంటే తాళానికి వేసే అడుగుల వరస, చేసి చూపిస్తుంటే మధ్యలోనే ఆయాసం వచ్చి ఆగిపోయాను. వాళ్లు ఏమీ అనలేదు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

వారానికి మూడు రోజులు రెండు ప్రైవేటు స్కూళ్లకి వెళ్తాను. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పీరియడ్‌కి 45 మంది పిల్లలు, ఎండలో గ్రౌండు, యాన్యువల్ డేకి నాలుగు రోజుల ముందు పాట మార్చమంటారు. ఒక స్కూల్లో మన జిల్లా జానపదం కదా, తప్పెటగుళ్లు వేయిద్దాం అంటే, "అవన్నీ ఎందుకు మేడమ్, ఊపున్న సినిమా పాట పెట్టండి" అన్నారు. పెట్టాను. ఆ ఏడాది మూడు నెలల జీతం ఇంకా రావాలి, అదీ సంగతి.

మధ్యాహ్నం ఓ అరగంట నడుం వాల్చి, లేచి ఫోన్లో పాటలు కత్తిరించుకోవడం. ప్రోగ్రాం వాళ్లు ఇచ్చేది ఐదు నిమిషాలు, శబ్దం అనే కూచిపూడి అంశం పది నిమిషాలు ఉంటుంది, ఎక్కడ కోసినా ప్రాణం ఉసూరుమంటుంది. నాలుగున్నరకి క్లాసు గది తాళం తీసి, తుడిచి, కిటికీలు తెరిచి కూర్చుంటే ఐదింటికి చిన్నపిల్లల బ్యాచ్, ఆరింటికి రెండో ఏడు వాళ్లు, ఏడింటికి పెద్దవాళ్లు. ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర.

అసలు పని ఈ మూడు గంటల్లోనే ఉంది. అందులో సగం, తల్లులకి "ఇంకా లేదండీ" అని చెప్పడమే!

"ఏటండీ టీచరుగారూ, మూడు నెలలయింది, మా పాప ఇంకా కాళ్లు కొట్టుకుంటానే ఉంది, పాట ఎప్పుడు నేర్పుతారు?" వారానికి ఒకరైనా అడుగుతారు. తప్పు వాళ్లది కాదు, టీవీలో పిల్లలు రెండు వారాల్లో స్టేజీ ఎక్కేస్తున్నారు కదా. నేను ఆ తల్లినే లోపలికి రమ్మని, ఒక పిల్లని గోడకి ఆనించి నిలబెడతాను. మడమలు, నడుము, వీపు మూడూ గోడకి తగలాలి. పాదాలు పక్కలకి తిప్పి, అలాగే గోడ వెంట మెల్లగా కిందికి జారి అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచిన సగం కూర్చున్న భంగిమలో, ఆగమంటాను. చూస్తుండగానే ముందు నడుము గోడని వదిలేస్తుంది, తర్వాత మోకాళ్లు రెండూ లోపలికి వాలిపోతాయి. పాదాలు పక్కకి తిరిగాయి గానీ తొడలు తిరగలేదన్నమాట. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ల వైపే వెళ్లాలి, ఆ తిప్పడం తుంటి దగ్గర మొదలవ్వాలి. అలా కాకుండా పాదం ఒక్కటీ బలవంతంగా తిప్పి, ఆ మెలికతోనే రోజుకి వెయ్యిసార్లు నేల తడితే పదిహేనేళ్లకే మోకాళ్ల నొప్పులొస్తాయి. ఇది కళ్లారా చూశాక చాలామంది తల్లులు మళ్లీ అడగరు. కొందరు అడుగుతారు, వాళ్లు ఆరు నెలల్లో మానిపించేస్తారు కూడా.

బెంగళూరులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. అక్కడ బ్యాలే నేర్పే అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయేమో, క్లాసు మొదలుపెట్టేది గోడవారన ఉన్న కర్ర కడ్డీ పట్టుకుని. దాన్ని బార్ అంటారు. మొట్టమొదటి కదలిక ప్లియే, అంటే పాదాలు పక్కలకి తిప్పి మోకాళ్లు వంచడం. మన అరమండికి చుట్టమే! తర్వాత పాదాన్ని నేల మీద రాసుకుంటూ వేళ్లు చాపడం, దాన్ని తాండ్యు అంటారు. సగం క్లాసు ఆ కడ్డీ దగ్గరే, తర్వాతే మధ్యకొచ్చి తిరగడాలూ ఎగరడాలూ. పేర్లన్నీ ఫ్రెంచి మాటలే, ఏ దేశంలో నేర్పినా అవే పేర్లట, మనకి తకధిమి ఎక్కడైనా తకధిమి అయినట్టు. చివర్న టీచరుకీ, సంగీతానికీ వంగి దణ్ణం పెట్టి వెళ్తారు. మనం భూమికి నమస్కారం చేసినట్టే అనిపించింది, కాకపోతే వాళ్లు భూమిని వదిలి పైకి లేవాలని చూస్తారు, మనం దాన్నే కొడుతూ ఉంటాం.

అక్కడి తల్లులూ ఆ అమ్మాయిని ఒకటే అడగడం: పాయింట్ షూలు ఎప్పుడు? ముందు భాగం గట్టిగా ఉండి, కాలివేళ్ల కొస మీద నిలబడనిచ్చే జోళ్లవి. పాదాల ఎముకలు కొంత గట్టిపడి, చీలమండకి బలం రాకుండా అవి వేయకూడదు, మామూలుగా 11, 12 ఏళ్ల ముందు ఇవ్వరు, ఆ వయసొచ్చినా ఏళ్ల తరబడి సాధన ఉంటేనే. ఆ అమ్మాయి మెత్తగా నవ్వుతూ "ఇంకా లేదు" అంటుంటే, మా ఊళ్లో నేను గజ్జెపూజ, అంటే మొదటిసారి కాలికి గజ్జెలు కట్టే వేడుక, గురించి చెప్పే జవాబే ఇంగ్లీషులో వింటున్నట్టు అనిపించింది.

తేడా ఎక్కడంటే నేల దగ్గర. వాళ్ల స్టూడియోలో నేల కింద నురుగు దిమ్మలు, చెక్క పట్టీలు ఉంటాయి, దూకితే నేల కాస్త దిగి లేస్తుంది. పైన జారకుండా వినైల్ షీటు. నాది సిమెంటు మీద టైల్స్. నా ఎడమ మడమ నొప్పికి ఆ టైల్సే కారణమని నా అనుమానం. పోయినేడు గదంతా మందపాటి ప్లైవుడ్ షీట్లు పరిపించాను, కింద రబ్బరు మ్యాట్లు. వాళ్ల నేలతో పోలికే లేదు గానీ మడమకి కొంత నయం. గదిలో అడుగుల చప్పుడే మారిపోయింది. అయితే ఆ అమ్మాయి సుఖపడిపోతోందని అనుకోకండి, సొంత స్టూడియో లేదు, మూడు ఏరియాల్లో మూడు చోట్ల చెబుతుంది, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ట్రాఫిక్‌లో గంటన్నర, రాత్రి తొమ్మిదికి బండిమీదే బిస్కెట్లు తింటుంది. నాకు మా ఊరి మూడు లాంతర్ల కూడలి నుంచి క్లాసుకి నడిచి పది నిమిషాలు.

డబ్బు సంగతి. నా దగ్గర 36 మంది, నెలకి 800. అందరూ కడితే 28,800, ఎప్పుడూ అందరూ కట్టరు, 24 వేలు వస్తే మంచి నెల. స్కూళ్ల మీద 9 వేలు. గది అద్దె, కరెంటు కలిపి 6,500 పోతుంది. అంటే మంచి నెలలో చేతికి 26 వేలు, ఫిబ్రవరి, మార్చిలో పరీక్షల పేరుతో సగం మంది మానేస్తారు, అప్పుడు 16 వేలు దాటితే గొప్ప. తొమ్మిదో తరగతి పూర్తవగానే "టెన్త్ అయ్యాక వస్తుంది టీచర్" అని వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏడెనిమిదేళ్లు చెక్కిన పిల్ల సరిగ్గా అభినయం పట్టుబడే వేళకి వెళ్లిపోతుంది. దీనికి నాకింకా అలవాటు కాలేదు.

స్టేజీల మీద ఇంకో రకం టెన్షన్. ఒక దసరా కార్యక్రమంలో మా పిల్ల తరంగం చేయాలి, ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి పాదాలతో దాన్ని కదిలిస్తూ సాగాలి. స్టేజీ నిండా ఎర్ర తివాచీ పరిచేశారు. దాని మీద పళ్లెం కదలదు, అంచు దిగబడిపోతుంది. కాస్త చుట్టి పక్కన పెట్టండి బాబూ అంటే, అతిథులు నడిచొచ్చేది దాని మీదేనన్నారు. పిల్ల పళ్లెం ఎక్కి రెండుసార్లు చూసింది, కదలలేదు, చటుక్కున దిగి ఆ జతి మొత్తం నేలమీదే తాళం తప్పకుండా చేసేసింది. 14 ఏళ్లు దానికి. జనం చప్పట్లు కొట్టారు, తేడా ఎవరికీ తెలియలేదు. తెర వెనక్కొచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది.

చదువు విషయానికొస్తే, మన ఊళ్లోనే మహారాజా సంగీత నృత్య కళాశాల ఉంది, 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. నేను అక్కడే సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు చేశాను. మీ అమ్మాయి ఇప్పటిదాకా ఎవరి దగ్గరైనా విడిగా నేర్చుకుని ఉన్నా ఆ కాగితాలు ఉండటం మంచిది, స్కూళ్లవాళ్లు అడిగేది అవే. దాసుగారు రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని చెబుతారు. మూడు దెబ్బల తకిట, నాలుగు దెబ్బల తకధిమి కలిపేస్తున్న పిల్లలకి ఈ మాట చెప్తే ఓ పది నిమిషాలు శ్రద్ధగా చేస్తారు.

బతకొచ్చా అంటే, ఇంట్లో ఇంకో సంపాదన ఉంటే బతకొచ్చు, నాకు ఉంది. ఒక్కదాని మీదే అయితే మొదటి ఐదేళ్లు చాలా కష్టం, అబద్ధం చెప్పను.

ఇదొకటి చెప్పి ఆపేస్తాను. గజపతినగరం దగ్గర పల్లె నుంచి ఒక తాతగారు మనవరాలిని బస్సులో తీసుకొస్తారు, వయసులో ఉండగా తప్పెటగుళ్లు ఆడిన మనిషి. క్లాసు అయ్యేదాకా బయట మెట్ల మీదే కూర్చుంటారు, లోపల పిల్లలు కనపడరు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఒకరోజు నేను చేత్తో తాళం వేస్తూ ఎనిమిది మంది అడుగులు చూస్తున్నాను, అంతా బాగానే ఉందనుకుంటున్నాను. ఆయన గుమ్మంలోంచి తల పెట్టి, "అమ్మా, ఒక గుంటకి ఎడంకాలు ఎనకపడిపోతంది, సూడు" అన్నారు. ఒక్కొక్కరిచేత విడిగా వేయించి చూశాను. ఆరో పిల్ల. ఆయన మనవరాలే.

మీ అమ్మాయిని ఓసారి పంపండి, సాయంత్రం ఐదింటికి వచ్చి ఆ మెట్ల మీద వారం రోజులు కూర్చోమనండి. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు పెద్దపిల్లల పళ్లేల మోతకి మాట వినపడదు.